మెట్ట చేలో వాన లెక్క: ఎండిన బోరు చుట్టూ జరిగిన పని డైరీ

ఈ డైరీ నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలో, ఉదయగిరి కొండల వైపు ఉన్న మా బాబాయి చేలో జరిగిన పనిది. చేను మూడెకరాలు. పైన రెండెకరాల వాలు నేలలో కంది, సజ్జ వేస్తారు. కింద ఎకరంలో నిమ్మతోట ఉంది. బోర్లు రెండు ఉన్నాయి. ఒకటి నిమ్మతోటకు నీళ్లిస్తోంది, రెండోదాన్ని ఎండిపోయిందని వదిలేశారు. ఎండిన బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వి వాననీటిని కిందికి పంపాలన్నది మొదటి ఆలోచన. కొలతలు చేతికి వచ్చిన కొద్దీ ఆ ఆలోచన చాలావరకు మారింది. ఏ కొలత దేన్ని మార్చిందో తెలిస్తే ఇదే పని చేయదలచినవారికి కొంత ఖర్చు తప్పుతుందని వరుసగా రాస్తున్నాను.

దశ 1: వానను కొలవడం

జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 1080 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. జిల్లా సగటు మెట్టకు సరిపోదు కనుక మా చేనుకు మా కొలతే ఉండాలనుకున్నాం.

1. 20 సెం.మీ. వ్యాసం గల స్టీలు గరాటును ప్లాస్టిక్ సీసా మూతికి బిగించాం. గరాటు వైశాల్యం 314 చదరపు సెం.మీ. కనుక సీసాలో చేరిన ప్రతి 31.4 మిల్లీలీటర్లూ ఒక మిల్లీమీటరు వానతో సమానం.
2. గరాటు అంచును నేలకు 30 సెం.మీ. ఎత్తున, రసమట్టంతో సరిచూసి నిలిపాం.
3. దగ్గరలోని వేపచెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాం.
4. వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం ఉదయం 8.30కి కొలిచి, అంతకు ముందు 24 గంటల లెక్కగా రాశాం.

సెప్టెంబరులో ఒక రాత్రి పడిన ఉరుముల వానకే సీసా పొంగిపోయింది. రెండు లీటర్ల సీసా 64 మి.మీ. దగ్గర నిండుతుంది. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షమని, 115.6 దాటితే అతి భారీ వర్షమని, 204.5 దాటితే అత్యంత భారీ వర్షమని లెక్కిస్తుంది. అంటే ఈ పరికరం ఏ వానను కొలవడానికి పెట్టామో ఆ వాన మొదలయ్యేసరికే చేతులెత్తేస్తుంది. సీసా తీసేసి పది లీటర్ల క్యాను పెట్టాం; అది 318 మి.మీ. వరకు పడుతుంది. ఆ రాత్రి లెక్కను “64, పొంగింది” అని అలాగే ఉంచాం. అందువల్ల జూన్–సెప్టెంబరు మొత్తం 241 మి.మీ. ముందు “కనీసం” అన్న మాట చేరింది.

పెద్ద పాత్ర కావాలనడానికి కారణం గాలిలోనే ఉంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. వాన కురిసే వేళ మేఘానికి అందే సరుకు ఎక్కువవుతుంది, కానీ ఆ సరుకు మళ్లీ పోగుకావడానికి సమయం పడుతుంది. అందుకే ఒకే ఏడాదిలో పొడి విరామమూ కుంభవృష్టీ పక్కపక్కనే కనిపిస్తాయి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశమంతటా అతి తక్కువ వాన పడిన ఆగస్టు 2023లోనిది. అదే ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతూ మన జిల్లాను ముంచెత్తింది. అంతకు ముందు 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. ఆ వరదను చూసిన జిల్లాలోనే వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మెట్ట ఊళ్లు ఉన్నాయి.

రోజువారీ కొలత వాన వేగాన్ని చెప్పదు. అందుకని ఊయలలా అటూ ఇటూ ఒరిగే రెండు గిన్నెల వానమాపకాన్ని, అయస్కాంతపు స్విచ్చునూ చిన్న సర్క్యూట్ బోర్డునూ జోడించి కట్టాం. గిన్నె ఒకసారి ఒరిగితే 0.5 మి.మీ. లెక్క. మొదట చీమలు గిన్నె కింద పుట్ట పెట్టాయి; తర్వాత సాలీడు గరాటు రంధ్రాన్ని గూడుతో మూసింది. కాళ్లకు గ్రీజు పూసి, రంధ్రం మీద సన్నని స్టీలు జాలీ పెట్టాక ఆ బెడద తగ్గింది. అసలు లోపం తనిఖీలో బయటపడింది. 314 మిల్లీలీటర్ల నీటిని, అంటే 10 మి.మీ. వానను, బొట్టుబొట్టుగా గంటసేపు వదిలితే గిన్నె సరిగ్గా 20 సార్లు ఒరిగింది. అదే నీటిని ఆరు నిమిషాల్లో పోస్తే 18 సార్లే ఒరిగింది. గిన్నె ఒరిగే క్షణంలో వచ్చే నీరు లెక్కలోకి రాదు. వాన ఎంత జోరైతే ఈ పరికరం అంత తక్కువ చెబుతుంది. కనుక రోజు మొత్తానికి క్యాను కొలతనే ప్రమాణంగా తీసుకుని, ఈ మాపకాన్ని ఆ మొత్తాన్ని గంటలవారీగా పంచడానికి మాత్రమే వాడాం.

అక్టోబరు–డిసెంబరు లెక్క 598 మి.మీ. వచ్చింది. నా పట్టికను చూసి బాబాయి, “ఎంత పడిందని కాదురా అబ్బాయ్, ఎన్ని పదునులు అయినాయో రాయి” అన్నాడు. దుక్కికి, విత్తుకు, మొక్క నిలదొక్కుకోవడానికి సరిపడా నానిన వానే ఆయనకు లెక్క. రోజుకు 15 నుంచి 40 మి.మీ. మధ్య పడిన వానను ఒక పదునుగా తీసుకుని పట్టికను మళ్లీ రాశాం. 2.5 మి.మీ. పైబడిన వాన రోజులు 24. అందులో 92, 137, 118 మి.మీ. పడిన మూడు రోజులే 347 మి.మీ. తెచ్చాయి, కాలం మొత్తంలో ఇది 58 శాతం. పదునులు ఏడు మాత్రమే, వాటి మొత్తం 168 మి.మీ. మిగిలిన 83 మి.మీ. చిన్న జల్లులు. 92 మి.మీ. పడిన రోజున ఒక్క గంటలోనే 58 మి.మీ. కురిసింది. తర్వాతి దశలన్నిటినీ నడిపింది ఈ గంటే.

నడుస్తున్న మొత్తం: వాన కనీసం 839 మి.మీ. ఖర్చు రూ. 2,350.

దశ 2: ఎండ తీసుకునే వాటా

ఆవిరిని కొలవడానికి నల్లటి ప్లాస్టిక్ తొట్టిని నింపి రోజూ ఎంత తగ్గిందో చూశాం. ఆ కొలతలేవీ పనికిరాలేదు. నల్లని గోడలు ఎండను పీల్చి నీటిని వేడెక్కించాయి, మధ్యాహ్నం మేకలు తాగాయి, కాకులు స్నానం చేశాయి. తొట్టికి తెల్లరంగు వేసి పైన జాలీ కప్పితే జంతువుల బాధ పోయింది కానీ జాలీ నీడ వల్ల ఆవిరి తగ్గింది. చివరికి తొట్టిని వదిలేసి, రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే కావలసిన హార్‌గ్రీవ్స్ సూత్రానికి మారాం. లెక్క ఇలా ఉంటుంది:

1. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటుకు 17.8 కలపాలి.
2. వాటి తేడాకు వర్గమూలం తీసి పై సంఖ్యతో గుణించాలి.
3. ఆ ఫలితాన్ని 0.0023తోనూ, ఆ నెలలో వాతావరణం పైఅంచుకు చేరే సౌరశక్తిని మి.మీ.లలోకి మార్చిన విలువతోనూ గుణించాలి. మన అక్షాంశంలో మే నెలకు ఆ విలువ సుమారు 16.

థర్మామీటరును మొదట రేకుల షెడ్డు గోడకు తగిలిస్తే గాలి వేడికి బదులు రేకు వేడిని చూపించింది. తెల్లని ప్లాస్టిక్ పళ్లేలను బోర్లించి, మధ్యలో గాలి ఆడేలా ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్య రంధ్రంలో థర్మామీటరును వేలాడదీశాక రీడింగు మూడు డిగ్రీలు దిగింది. గరిష్ఠం 42, కనిష్ఠం 29 ఉన్న మే నెల రోజుకు ఈ సూత్రం 7.07 మి.మీ. ఇస్తుంది. అంటే నిండుగా తడిపిన పచ్చిక నుంచి ఆ రోజు పోయే నీరది.

ఇప్పుడు రెండు ఉష్ణోగ్రతలనూ ఒక్కో డిగ్రీ పెంచి చూడండి: 7.20 మి.మీ. వస్తుంది. పెరుగుదల రెండు శాతం లోపే. నాలుగు నెలల ఎండాకాలానికి అది 16 మి.మీ.; ఎకరానికి సుమారు 64 ఘనపు మీటర్లు. నిమ్మతోట పచ్చికంత నీరు తీసుకోదు కనుక 0.65తో గుణిస్తే 42 ఘనపు మీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వాన ఒక్క చుక్క తగ్గకపోయినా ఒక డిగ్రీ వేడికి ఎకరం తోట అదనంగా అడిగే నీరు ఇది. పైగా ఈ సూత్రంలో గాలి వేగానికి గానీ పొడిదనానికి గానీ నేరుగా చోటు లేదు.

ఆ పొడిదనాన్ని విడిగా చెప్పుకోవాలి. వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో ఇచ్చిన ఆరవ నివేదిక ప్రకారం 1850–1900తో పోలిస్తే 2011–2020 నాటికి సముద్రాల ఉపరితలం 0.88 డిగ్రీలు వేడెక్కగా, నేల 1.59 డిగ్రీలు వేడెక్కింది. నేల మీది గాలికి తేమ చాలావరకు సముద్రం నుంచే రావాలి. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతూ పంపే ఆవిరి, త్వరగా వేడెక్కే నేల మీది గాలి దాహానికి సరిపోదు. సాపేక్ష తేమ పడిపోతుంది. ఆ లోటును గాలి ఆకుల నుంచి, మట్టి నుంచి, చెరువు నుంచి లాక్కుంటుంది. రోహిణి కార్తెలో మట్టి పైపొర పెంకు కట్టడం ఇందులో భాగమే. పెంకు కట్టిన ఎర్రనేల మీద పడిన మొదటి జోరు వాన ఇంకకుండా జారిపోతుంది.

నడుస్తున్న మొత్తం: ఖర్చు రూ. 3,450.

దశ 3: బోరులో నీటి మట్టం

నీటి మట్టం కొలిచే సాధనాన్ని రెండు తీగల కేబులు, బ్యాటరీ, బజరుతో తయారుచేశాం. తీగల కొనలు నీటిని తాకితే బజరు మోగాలి. కానీ కేసింగు పైపు గోడ చెమ్మకే మోగి, ఒకే ఉదయం రెండు కొలతల మధ్య నాలుగు మీటర్ల తేడా చూపింది. కొనలను అరచేయంత పొడవున్న ప్లాస్టిక్ గొట్టంలోకి లోతుగా దించి, కింద ఇనుప బరువు కట్టాక తేడా రెండు సెం.మీ.లకు తగ్గింది. కేబులు కొత్తలో సాగుతుంది కనుక, బరువుతో కొన్నాళ్లు వేలాడదీసిన తర్వాతే మీటరు గుర్తులు పెట్టాలి.

1. కేసింగు అంచు మీద రంగుతో ఒక గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. మా గుర్తు నేలకు 0.45 మీటర్ల ఎత్తున ఉంది, దాన్ని తీసివేయాలి.
2. మోటారు ఆపిన వెంటనే కొలిస్తే అది పంపింగు మట్టం అవుతుంది. తెల్లవారి కరెంటు రాకముందు కొలవాలి.
3. పక్క చేల మోటార్లు ఆడుతున్నాయో లేదో అదే వరుసలో రాయాలి.
4. కొలత అయ్యాక బోరు మూతిని విధిగా మూసి బిగించాలి. ఎండిన బోరుకు ఇది మరీ ముఖ్యం. పిల్లలు తిరిగే చోటు.

మా కింద ఉన్నది గట్టి రాయి. నీరు పైన శిథిలమైన పొరలోనూ, కింది పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. భూగర్భజల అంచనా ప్రమాణాల్లో ఇలాంటి శిథిల రాతిపొర పట్టి ఇచ్చే నీరు, బంకమట్టి తక్కువ ఉంటే దాని పరిమాణంలో 3 శాతం, ఎక్కువ ఉంటే 1.5 శాతం. వానలో భూమిలోకి ఇంకే వాటా వరుసగా 11, 8 శాతాలు. మా 839 మి.మీ.కి ఈ అంకెలు వేస్తే ఇంకవలసింది 67 నుంచి 92 మి.మీ.; మట్టం పెరగవలసింది 3.1 నుంచి 4.5 మీటర్లు. మా బోరులో అక్టోబరు నుంచి జనవరి వరకు మట్టం 41.6 నుంచి 38.9 మీటర్లకు వచ్చింది. పెరుగుదల 2.7 మీటర్లు. మధ్యలో తోడిన నీరు ఉంది కనుక మొత్తం తేడాను వాన మీద వేయలేం, కానీ ఏ వానకు ఎంత పెరిగిందన్నది ఆసక్తి రేపింది.

స్వాతి, విశాఖ కార్తెల సంధిలో ఐదు రోజులు ఆగి ఆగి పడిన 96 మి.మీ. తర్వాత మట్టం 1.1 మీటర్లు పెరిగింది. మూడు భారీ రోజుల 347 మి.మీ.కి కలిపి 0.6 మీటర్లే పెరిగింది. ఇక్కడితో ఆగి ఉంటే జోరు వాన దండగ అని రాసి ఉండేవాళ్లం. అయితే ఊరి చెరువు కింద ఉన్న మరో రైతు బోరును కూడా కొలుస్తున్నాం. అదే మూడు భారీ రోజుల తర్వాత అక్కడ మట్టం 4.8 మీటర్లు ఎగబాకింది. మన వాలు మీద నిలవని నీరంతా వాగులో పడి, చెరువులో ఆగి, అక్కడ ఇంకింది. ఉష్ణమండలపు రాతి నేలల్లో పెద్ద వానలే భూగర్భాన్ని ఎక్కువగా నింపుతాయన్న పరిశీలనలకు ఇది సరిపోతుంది. జోరు వాన భూమిలోకి దిగాలంటే దానికి ఎక్కడో ఒకచోట రోజుల తరబడి నిలిచే వీలు కావాలి. వాలు నేల దానికి ఆ వీలు ఇవ్వదు.

మోటారు విడుదలను 200 లీటర్ల డ్రమ్ముతో కొలిచాం. జనవరిలో 95 సెకన్లలో నిండింది, అంటే గంటకు 7.6 ఘనపు మీటర్లు. మే నెలలో అదే డ్రమ్ము నిండడానికి 160 సెకన్లు పట్టింది, గంటకు 4.5 ఘనపు మీటర్లు.

నడుస్తున్న మొత్తం: ఖర్చు రూ. 4,300.

దశ 4: ఇంకుడు గుంత, పూడిక

గుంతను మొదటి ఏడాది సెప్టెంబరులోనే తవ్వించాం. పై కొలతల కాలమంతా అది పనిలో ఉంది. వర్ణనకు వీలుగా దాన్ని విడిగా రాస్తున్నాను.

1. ఎండిన బోరు చుట్టూ 3 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 3 లోతు గుంత.
2. గుంత లోపలి కేసింగుకు రంధ్రాలు వేసి నైలాన్ జాలీ రెండు చుట్లు.
3. అడుగున పెద్ద బండరాళ్లు, వాటి మీద 40 మి.మీ. కంకర, ఆపై 20 మి.మీ. కంకర, అన్నిటి పైన ఇసుక.
4. వాలు నుంచి వచ్చే నీటిని గుంతలోకి మళ్లించే కాలువ. ఎక్కువైన నీరు పోవడానికి రేకులో కోసిన వి ఆకారపు గండి.

తాగునీటి బోరుకు ఈ పని చేయకూడదు. పొలం మీది నీటితోపాటు పశువుల పేడ, ఎరువు, మందుల శేషాలు కూడా లోపలికి దిగుతాయి.

90 డిగ్రీల గండిలో నీటి ఎత్తు తెలిస్తే ప్రవాహం తెలుస్తుంది: మీటర్లలో ఎత్తును రెండున్నర ఘాతానికి పెంచి 1.38తో గుణిస్తే సెకనుకు ఘనపు మీటర్లు వస్తాయి. 92 మి.మీ. పడిన రోజు ఆ జోరు గంటలో గండి దగ్గర నీరు సగటున 27 సెం.మీ. ఎత్తున పారింది. అంటే సెకనుకు 52 లీటర్లు, గంటకు 188 ఘనపు మీటర్లు. రెండెకరాల మీద ఆ గంటలో పడిన వాన 469 ఘనపు మీటర్లు. పడినదానిలో 40 శాతం కళ్లముందే వెళ్లిపోయింది.

మరి గుంత ఎంత పట్టింది? 27 ఘనపు మీటర్ల గుంతలో రాళ్ల మధ్య ఖాళీ సుమారు 38 శాతం. పది ఘనపు మీటర్లు. వచ్చిన నీటికి అది ఇరవయ్యో వంతు మాత్రమే. బోరు రీఛార్జి గుంతల నమూనాలు సంవత్సరపు సగటు వాన మీద గీసినవైతే ఇలాగే ఉంటాయి. సగటు వాన అనేది ఏ రోజూ కురవదు.

రెండో నష్టం పూడిక. కొత్తలో గుంతను ట్యాంకరు నీటితో నింపి చూస్తే గంటకు 1.8 ఘనపు మీటర్లు దిగింది. ఆ ఒక్క వాన తర్వాత మళ్లీ నింపితే 0.3 మాత్రమే దిగింది. పై ఇసుక మీద వేలెడు మందాన ఎర్రటి బంక పొర పరుచుకుంది. కొంత కంకర దాకా వెళ్లింది. పొర గీకి తీస్తే 0.9కి వచ్చింది. మొత్తం తవ్వి కడిగి పేరిస్తే తప్ప పూర్తిగా కోలుకోదు కనుక, రెండో కట్టుబడిలో ఇసుక కింద పాత షేడ్ నెట్ పరిచి, ఇసుకను నెట్‌తో సహా ఎత్తి కడిగే వీలు పెట్టాం. గుంతకు ముందు మట్టి దిగడానికి ఒక తొట్టి, దాని ముందు ఆరు మీటర్ల వెడల్పున గడ్డి పట్టీ చేర్చాం.

నడుస్తున్న మొత్తం: ఖర్చు రూ. 42,000 (గుంతకు 31,200, రెండో కట్టుబడికి 6,500). ఒకేసారి పట్టగల నీరు 10 ఘనపు మీటర్లు.

దశ 5: నీటిని వాలు మీదే ఆపడం

రెండో ఏడాదికి క్రమాన్ని తిరగవేశాం. గుంతను చివరికి నెట్టి, దానికి పైన నీరు నిలిచే చోట్లు కల్పించాం.

1. వాలుకు అడ్డంగా 3 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతున 60 కందకాలు, ఒక వరుసలోని ఖాళీ కింది వరుసలోని కందకానికి ఎదురయ్యేలా. ఒక్కొక్కటి 0.81, మొత్తం 49 ఘనపు మీటర్లు.
2. కందకాల మట్టిని కింది అంచునే గట్టుగా వేసి, గట్టు మీద కంది.
3. వాలు అడుగున, పైఅంచు దగ్గర 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉండి, లోపలికి వాలుగా దిగే 1.8 మీటర్ల లోతు కుంట. సుమారు 150 ఘనపు మీటర్లు.
4. కుంటకు రాతి కలుజు; కలుజు మీది నుంచి దూకే నీరు మాత్రమే గుంతకు.
5. కుంట చుట్టూ ముళ్లకంప.

మొత్తం నిల్వ 209 ఘనపు మీటర్లు. పోయిన ఏడాది ఆ గంటలో వచ్చిన 188ని దాటింది.

కందకాల మట్టాన్ని సన్నని పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి చూశాం; తాపీ మేస్త్రీలు వాడేదే. అయినా మొదటి జల్లుకే ఎడమ చివర మూడు కందకాలు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి, ఎందుకంటే పాత బండి దారి అక్కడ నేలను కొద్దిగా కిందికి నొక్కి ఉంది. ఆ చోట కందకం మానేసి రాళ్ల కట్ట వేశాం.

81 మి.మీ. పడిన రోజు కలుజు గండిలో నీరు అత్యధికంగా 11 సెం.మీ. ఎత్తున పారింది: సెకనుకు 5.5 లీటర్లు. ఆ తర్వాతి వారాల్లో మా బోరు 1.9 మీటర్లు పెరిగింది. పోలిక కోసం, ఏ పనీ జరగని అవతలి మిట్ట మీది బోరును చూస్తే 0.7 మీటర్లు. రెండు చోట్లా తోడిన గంటలు ఒకటి కావు, రాతిలో పగుళ్లు ఎటు పోతాయో తెలియదు, కనుక 1.2 మీటర్ల తేడా అంతా మా కుంటదేనని అనడం లేదు.

కుంటలో కొలకర్ర పెట్టి రోజూ ఎంత తగ్గిందో చూశాం. నవంబరులో రోజుకు 6 సెం.మీ. తగ్గేది. అందులో 0.4 సెం.మీ. ఆవిరి, మిగతాది ఇంకుడు. రోజుకు సుమారు 5.6 ఘనపు మీటర్లు. డిసెంబరు చివరికి పూడిక చేరి ఇంకుడు 3.5కి పడిపోయింది. వేసవిలో ఒండ్రు ఎత్తి నిమ్మపాదుల్లో వేయాలి. వెనుకటి కాలంలో కుడిమరామత్తు పేరుతో రైతులే కలిసి చెరువుల్లో చేసుకున్న పని ఇదే.

ఈ దశలో వచ్చిన అభ్యంతరం చేనులోది కాదు, ఊరిది. చెరువు ఆయకట్టు రైతులు కొందరు వచ్చి, పైన అందరూ ఇలా ఆపుకుంటే చెరువుకు ఏం వస్తుందని అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనది. చెరువు కింది బోరు 4.8 మీటర్లు పెరిగిందంటే అది మా వాలు వంటి చోట్ల నుంచి జారిన నీటి వల్లే. భారీ వాన రోజున మా 209 ఘనపు మీటర్లు చెరువుకు లెక్కలోకి రావు, కానీ చిన్న వానల ఏడాదిలో పైవాళ్లందరి కుంటలూ నిండాకే చెరువుకు చుక్క చేరుతుంది. కలుజును మొదట అనుకున్నదానికంటే 30 సెం.మీ. దించడానికి బాబాయి ఒప్పుకున్నాడు. దానివల్ల కుంటలో 30 ఘనపు మీటర్లకు పైగా తగ్గింది. మొత్తం నిల్వ ఇప్పుడు సుమారు 175. ఆ జోరు గంట మళ్లీ వస్తే కొంత దాటిపోతుంది. దాన్ని పోనివ్వాలనే నిర్ణయించాం.

నడుస్తున్న మొత్తం: ఖర్చు రూ. 80,000. నిల్వ 175 ఘనపు మీటర్లు.

దశ 6: పంటతో లెక్క సరిచూడడం

మన పక్కనున్న ప్రకాశంతో సహా ఏడు కరవు జిల్లాల్లో, గత దశాబ్దాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో రైతులే వానను, బోరు మట్టాలను కొలిచి, రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఆ వరుసలోనే మా అంకెలు పేర్చాం.

కుంటలో నీరు నిలిచిన రోజుల ఇంకుడు లెక్కలన్నీ కలిపితే సుమారు 300 ఘనపు మీటర్లు వచ్చింది. మోటారు గంటకు 7.6 చొప్పున తోడితే ఇది నలభై గంటల నీరు. రోజుకు తొమ్మిది గంటల కరెంటు చొప్పున చూస్తే ఐదు రోజులకు కూడా రాదు. మే నెలలో ఎకరం నిమ్మతోట రోజుకు 4.6 మి.మీ. అడుగుతుంది, అంటే 18.6 ఘనపు మీటర్లు. ఎనభై వేల రూపాయలతో భూమిలోకి పంపిన నీరు తోటకు మే నెలలో పదహారు రోజులకు సరిపోతుంది. ఇంకిన నీరంతా మన బోరులోకే వస్తుందన్న హామీ కూడా లేదు.

ఈ లెక్క చూశాక, పై చేనులో అర ఎకరం బత్తాయి వేయాలన్న ఆలోచనను బాబాయి మానుకున్నాడు. ఆ ఖర్చులో కొంత తోటకు మళ్లింది: పాదుల్లో ఎండుటాకులు, సజ్జ చొప్ప మందంగా పరిచి, డ్రిప్పు గొట్టాలను ఆకుల కిందికి మార్చాం. పరిచిన పాదుల్లో అడుగు లోతు మట్టి, నీరు పెట్టిన ఐదో రోజున కూడా పిడికిట్లో ముద్దగా నిలుస్తోంది. పరచని వరుసలో మూడో రోజుకే రాలిపోతోంది. ఇది చేతి పరీక్షే. తూకం వేసి, ఎండబెట్టి, మళ్లీ తూకం వేసే పరీక్ష వచ్చే వేసవికి పెట్టుకున్నాం.

నీటి నాణ్యత గురించి ఒక మాట. ఈ మెట్టలో ఫ్లోరైడు పాత సమస్య. మా బోరు నీటిలో పనికి ముందు లీటరుకు 1.9 మిల్లీగ్రాములు, రెండో ఏడాది జనవరిలో 1.6 వచ్చింది. ప్రమాణం ప్రకారం అనుమతించదగిన గరిష్ఠం 1.5. వాననీరు కలవడం వల్ల తగ్గి ఉండవచ్చు, కానీ ఒక్క నమూనాతో ఏదీ చెప్పలేం. ఈ నీటిని తాగడానికి వాడడం లేదు.

మూడో ఏడాదికి పెండింగులో ఉన్న పనులు:

1. వానమాపకపు గిన్నెకు జోరు వానలో వచ్చే లోటును నాలుగైదు వేగాల వద్ద కొలిచి సవరణ పట్టిక తయారుచేయాలి.
2. కుంట ఒండ్రును రోహిణి కార్తె లోపు ఎత్తి, ఎంత మట్టి చేరిందో ట్రాక్టరు ట్రక్కుల్లో లెక్కించాలి.
3. అవతలి మిట్ట బోరు యజమాని మోటారుకు గంటల మీటరు బిగించుకోవడానికి ఒప్పుకున్నాడు. అది బిగించాక పోలికను మళ్లీ వేయాలి.
4. ఫ్లోరైడుకు వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి నమూనాలు పంపాలి.
5. చెరువు ఆయకట్టు వారితో కలిసి చెరువులోకి వచ్చే వాగు మీద ఒక కొలకర్ర నాటాలి. దానికి చోటు చూశాం, సిమెంటు దిమ్మె ఇంకా వేయలేదు.